విజిల్ ఊదాక

నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. మిగతా అందరూ చాపల మీద, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, మధ్యలో పెళ్ళికూతురిలా నేనొక్కదాన్ని ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో, కొత్త కుర్చీ, ధర కాగితం ఇంకా వీపుకు గీరుకుంటూనే ఉంది, నాకోసమే కొన్నట్టున్నారు. షామియానా కింద ఉన్న ఒకే ఒక్క ఫ్యానును కూడా నా వైపే తిప్పారు. ఏప్రిల్ ఆఖరు ఆదివారం, సాయంత్రం నాలుగున్నర, మేళ్లచెరువు ఎండ, చాపల మీది పసిపిల్లలు చెమటకు ఏడుస్తున్నారు, కాస్త అటు తిప్పండి అంటే ఇంటాయన లాజరు ఒప్పుకోలేదు. "మీ కాలుకు గాలి తగలాలె మేడమ్" అన్నాడు. గాలి తగిలితే కాలుకు ఏమవుతుందో ఆయనకే తెలియాలి. ఎదురుగా గోడకు ఫ్లెక్సీ కట్టారు, అందులో నేను, స్కూల్ వార్షికోత్సవంలో ఎవరో తీసిన ఫోటో, కింద పెద్ద అక్షరాలతో 'నిత్య మేడమ్ గారి మోకాలి స్వస్థత నిమిత్తం కృతజ్ఞతా కూడిక' అని. మోకాలికి ఫ్లెక్సీ పడడం ఈ చుట్టుపక్కల ఇదే మొదటిసారి అయ్యుంటుంది. నవ్వు రావాలి, రావడం లేదు. ఇంకాసేపట్లో పాటలు అయిపోతాయి, లాజరు కూతురు సంతోషి లేచి నిలబడి, తాను నా మోకాలిని ఎలా పాడు చేసిందో వందమంది ముందు సాక్ష్యం చెప్పి ఏడుస్తుంది. సంతోషి నా మోకాలిని ఏమీ చెయ్యలేదు. ఈ సంగతి ఈ షామియానా కింద నాకొక్కదానికే తెలుసు.

కాలు మీద కాలు వేసుకోబోయి ఆగాను. వేసుకోగలను, అదే కదా బాధ, ఇప్పుడు ఈ కాలు ఏమైనా చెయ్యగలదు, మెట్లు ఎక్కగలదు, గొంతుక్కూర్చోగలదు, పది రోజుల కింద గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు పరిగెత్తింది కూడా. సూర్యాపేటలో నాకు ఫిజియోథెరపీ చేసిన విజయ్ ఉన్నాడు, కోణాలు కొలిచే ప్లాస్టిక్ బద్ద ఒకటి మోకాలి పక్కన పెట్టి ప్రతివారం కొలిచేవాడు, ముప్పై, అరవై, తొంభై, నూట ఇరవై, నూట ముప్పై ఐదు దాటినరోజు తానే పరీక్ష పాసైనట్టు చప్పట్లు కొట్టాడు. "మీ అంత మంచిగ కోలుకున్నోళ్ళను నేను సూడలే మేడమ్, ఆపరేషన్ చేయించుకున్నోళ్ళందరికీ మీ వీడియోనే సూపెడుతున్న" అన్నాడు. తెగిన లిగమెంటు మళ్ళీ అతకదట, నా తొడ వెనకనుంచే ఒక స్నాయువు తీసి, మడిచి, ఎముకలో రంధ్రాలు చేసి బిగించారు. ఇంకొకరి దగ్గర తెచ్చింది ఏదీ లేదు, అంతా నీ సొంతమే అని డాక్టర్ గారు నవ్వుతూ చెప్పారు. మత్తు వదులుతున్నప్పుడు విన్న ఆ మాటకు నేను ఏడిస్తే, నొప్పికి ఏడుస్తున్నాననుకుని మా ఆయన రాఘవేంద్ర నర్సును పిలిచాడు. అంతా నా సొంతమే. తప్పు ఒక్కటే ఇంకొకరి పేరు మీద రాయించాను.

కంజీర మోగుతోంది, ఆడవాళ్ళు చప్పట్లు తప్పకుండా వేస్తున్నారు, ఆ చప్పట్ల మధ్యలో వెనక వరుసలో సంతోషి. తల వంచుకుని ఉంది. చప్పట్లు కొట్టడం లేదు, రెండు చేతులూ ఓణీ కింద దాచుకుంది. ఆ చేతులు నాకు తెలుసు. కోదాడ దగ్గర మా బాలికల గురుకులంలో పదేళ్ళనుంచి కబడ్డీ నేర్పిస్తున్నాను, అలాంటి చేతులు ఒక్క జతే చూశాను. బక్క పిల్ల, ఎడమ మూలన నిలబడేది, రైడ్‌కు వచ్చినవాళ్ళ మొహం చూసేది కాదు, కాళ్ళే చూసేది, చీలమండ దగ్గర పట్టిందంటే ఇక అంతే. నేను మాత్రం పోయిన జులై దాకా ఎప్పుడూ దొరకలేదు. రోజూ ప్రాక్టీసు చివర నేనే రైడ్‌కు వెళ్ళేదాన్ని, ఏడుగురు పిల్లలు అటు, నేనొక్కదాన్ని ఇటు, నన్ను పట్టినవాళ్ళే కెప్టెన్ అని ఏటా చెప్పేదాన్ని, పదేళ్ళలో ఎవ్వరూ పట్టలేదు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ముప్పై ఆరేళ్ళ మనిషిని, ఉద్యోగం ఉంది, ఇల్లుంది, ఏడో తరగతి పిల్లల చప్పట్లతో కడుపు నింపుకునేదాన్ని. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

మిర్యాలగూడలో మా నాన్న బద్రీనాథ్‌కు రైస్ మిల్లు. ఉడికించిన వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళంలో నేనూ, హమాలీల పిల్లలూ గీత గీసి ఆడేవాళ్ళం. మన ఇంటి ఆడపిల్లకు కబడ్డీ ఏంటని ఇంట్లో ప్రళయం అయింది, చివరికి నాన్న ఒక షరతు పెట్టాడు, "గెలిచినన్ని రోజులు ఆడు, ఓడిన్నాడు ఇంటికొచ్చి కూసో" అని. ఆయన వేళాకోళానికే అని ఉంటాడు. నేను మాత్రం దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఓడిపోయినప్పుడల్లా గీత తాకానని అనేదాన్ని, వడ్లలో నా వేలి గుర్తు చూపించేదాన్ని, చూపించడానికి ముందే అక్కడ వేలు పెట్టి. హమాలీల పిల్లలు సేటు బిడ్డతో ఏం కొట్లాడతారు, సరే అనేవాళ్ళు. అలా ఒక్కసారి కూడా ఓడిపోకుండా పెద్దదాన్నయ్యాను. యూనివర్సిటీ దాకా వెళ్ళాను, అక్కడ నిజంగానే గెలిచాను, అందుకే ఆ పాత సంగతులు మరిచిపోగలిగాను.

ఇప్పుడు పిచ్చమ్మ వచ్చింది. లాజరు తల్లి, సంతోషికి నాయనమ్మ. పాట మధ్యలోనే నా కుర్చీ దగ్గర కింద కూర్చుని అడగా పెట్టకుండా చీర మీదినుంచే నా మోకాలు పట్టుకుని పిసికి చూసింది, అటూ ఇటూ కదిపింది, పళ్ళు లేని నోటితో నవ్వింది. "గట్టి పడ్డది బిడ్డా. పాయ పట్టింది. నేను జెప్పలే?" అంది. పట్టింది అవ్వా అన్నాను. చూశారా, ఎంత తేలిగ్గా వస్తుందో. ఆపరేషన్ అయిన వారానికి లాజరు ఇక్కడినుంచి బస్సెక్కి కోదాడలో మారి సూర్యాపేటలో మా ఇంటికి వచ్చాడు, చేతిలో స్టీలు క్యారియర్, మేకకాళ్ళ పాయ, తెల్లవారుజామునుంచి ఉడికించిందట, ఎముక అతకడానికి దాన్ని మించింది లేదట. మాది ఉల్లిపాయ కూడా మంగళవారం ముట్టని ఇల్లు. మా అత్తగారు సీతమ్మ గుమ్మంలోనే ఆపి, క్యారియర్‌ను చెప్పుల పక్కన పెట్టించింది. ఆయన వెళ్ళిపోయాక పాయను వీధికుక్కలకు పోసి, క్యారియర్‌ను బయటి నల్లా కింద కడిగించి బోర్లించింది. మరుసటి ఆదివారం మళ్ళీ తెచ్చాడు. "బలం తెలుస్తున్నదా మేడమ్?" అని గుమ్మం అవతలినుంచే అడిగాడు. మంచం మీదినుంచి "తెలుస్తోంది లాజరు గారూ" అన్నాను. అలా ఆరు ఆదివారాలు. ఫ్యాక్టరీలో లారీలకు సిమెంటు బస్తాలెత్తే మనిషికి దొరికేది ఆ ఒక్క ఆదివారమే. మేం తినము అని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెప్తే తరువాత మాట ఏదో కూడా నోట్లోంచి జారుతుందేమోనని భయం.

ఆ తరువాత మాట ఇది. జులై, ముసురు పట్టి వదిలిన సాయంత్రం, గ్రౌండ్ మెత్తగా ఉంది, విజిల్ నా మెడలోంచి తీసి తొమ్మిదో తరగతి పిల్లకు ఇచ్చి రైడ్‌కు వెళ్ళాను. కూత పెడుతూ ఎడమ మూలకు కాలు చాపాను, అంతే, చీలమండ చుట్టూ రెండు చేతులు పడ్డాయి. ఈడ్చుకుంటూ గీతదాకా వచ్చాను, పడ్డాను, చెయ్యి చాపాను, గీత జానెడు దూరంలో ఉంది, ఊపిరి అయిపోయింది, కూత ఆగిపోయింది. విజిల్ ఊదింది పిల్ల. ఊదిన ఆ క్షణంలోనే, అర సెకను కూడా కాలేదు, చీలమండ మీద చేతులు వదులైపోయాయి. సంతోషి లేచి రెండు చేతులూ పైకెత్తి గెంతుతోంది, పిల్లలందరూ కెప్టెన్, కెప్టెన్ అని అరుస్తున్నారు, ఆ అరుపు నాకోసం కాదు. నేను లేచాను. బాగానే లేచాను, రెండు కాళ్ళ మీద నిలబడ్డాను. "నా చెయ్యి గీత తాకింది" అన్నాను. "లేదు మేడమ్" అని నవ్వారు. తాకింది, చూపిస్తా రండి అని గబుక్కున వెనక్కి తిరిగాను, ఎడమ పాదం బురదలో ఇరుక్కుపోయింది, ఒళ్ళు తిరిగింది, కాలు తిరగలేదు, మోకాట్లో టప్పుమని చప్పుడు. అబద్ధం చూపించడానికి తిరుగుతూ పడ్డాను. నా చుట్టుపక్కల ఎవ్వరూ లేరు.

అందరికంటే ముందు ఉరికి వచ్చింది సంతోషే. నా తల తన ఒళ్ళో పెట్టుకుంది. చున్నీతో మొహం మీది బురద తుడిచింది. ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చి "ఎట్ల జరిగింది?" అని అడిగితే, ఆ పిల్ల ఒళ్ళో తల పెట్టుకునే, పైకి ప్రిన్సిపాల్ మొహం చూస్తూనే, "సంతోషి నన్ను పట్టుకుంది, విజిల్ ఊదినా వదల్లేదు" అన్నాను. నా తల కింద ఆ తొడలు బిగుసుకుపోవడం తెలిసింది. విజిల్ ఊదిన పిల్ల ఏదో అనబోయింది, నేను గట్టిగా అరిచాను, నొప్పికి అనుకున్నారు. ఆ అరుపులో సగమే నొప్పి. ఆ తరువాత ఏ పిల్లా మేడమ్ మాటకు అడ్డు చెప్పలేదు. తరువాత ఆలోచిద్దాం అనుకున్నాను, రెండ్రోజులయ్యాక పిలిచి చెప్దాం, అది కాదులే, నాకే కాలు జారిందని. రెండ్రోజుల్లో స్కానింగులు, ఆపరేషన్, సెలవులు. నేను మంచంలో ఉండగానే సంతోషిని టీంలోంచి తీసేశారు, జిల్లా సెలక్షన్‌కు పంపలేదు. చెప్పాల్సిన మాట రోజులు గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది, మొదటిరోజు ఒక్క వాక్యం, నెలకు అదొక పెద్ద నేరం.

నవంబరులో కర్ర పట్టుకుని స్కూలుకు వెళ్ళాను. పిల్లలు గ్రౌండ్‌లో ఖోఖో ఆడుతున్నారు, సంతోషి వరండాలో కూర్చుని ఉంది. ఆడవేం అన్నాను. "ఎవరన్నా నాకు తాకితే వాళ్ళకేమన్న అయితదేమో మేడమ్" అంది, మామూలుగా, వాతావరణం సంగతి చెప్పినట్టు. ఆ వారమే పిల్లను చూడ్డానికి లాజరు, పిచ్చమ్మ వచ్చారు. గేటు దగ్గర చెట్టు కింద ముగ్గురూ కూర్చున్నారు, లాజరు పళ్ళు తెచ్చి తల్లి చేతికిస్తే ఆమె పిల్లకిస్తోంది, లాజరు ఏదైనా అడగాలంటే తల్లిని అడుగుతున్నాడు, ఆమె పిల్లను అడుగుతోంది. ఇదేంటవ్వా అన్నాను పక్కకు పిలిచి. "వాడు పిల్లతోటి మాట్లాడడు బిడ్డా. చదువు జెప్పే టీచరమ్మ కాలు ఇరగ్గొట్టింది గదా, మీరు మళ్ళ గ్రౌండ్ల ఉరికేదాక మాట్లాడనని ప్రభువు ముందు మాటిచ్చిండు. అదేమో మీ కాలు కోసం శుక్రవారం శుక్రవారం పస్తుంటది" అంది. వెంటనే ప్రిన్సిపాల్ గది వైపు నడిచాను. నిజంగా నడిచాను, ముప్పై అడుగులు ఉంటుంది, కర్రతో. తలుపు దగ్గర లోపల ఎవరో ఉన్నారని ప్యూను అన్నాడు. సరే అని వెనక్కి వచ్చాను. ఎంత హాయిగా వెనక్కి వచ్చానో. ప్యూను మీద నాకు ఆ రోజు పుట్టినంత కృతజ్ఞత ఇంకెవరి మీదా పుట్టలేదు.

ఆ రాత్రినుంచే వ్యాయామాలు పిచ్చిగా చేయడం మొదలుపెట్టాను. విజయ్ ముప్పైసార్లు లేపమంటే మూడు వందలు, మడమ కింద తువ్వాలు పెట్టి లాక్కోవడం, గోడకు ఆనుకుని వంగడం, ఐస్ పెట్టుకుని ఏడుస్తూ మళ్ళీ వంచడం. ఇంట్లో అందరూ ఎంత పట్టుదల అన్నారు. ఆటగత్తె అంటే ఇలా ఉండాలి అన్నాడు రాఘవేంద్ర, వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి. పట్టుదల కాదు. నేను పరిగెడితే ఆ తండ్రి మాట్లాడతాడు, నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఒక్క మాట చెప్పడం కంటే మోకాలు వంచడం సులువు అనిపించింది. మనిషి ఎంత కష్టమైనా పడుతుంది, సిగ్గుపడాల్సిన ఒక్క నిమిషం తప్పుతుందంటే. విజయ్ దగ్గరున్న ఆ వీడియోలో పళ్ళు బిగించి కాలు లేపుతున్న ఆడమనిషి ఒక పిరికిది, మోకాళ్ళు బాగవ్వాలని చూసి నేర్చుకుంటున్నవాళ్ళలో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

పరిగెత్తిన సాయంత్రమే లాజరుకు ఫోన్ చేశాను. "లాజరు గారూ, ఇవాళ నాలుగు రౌండ్లు ఉరికాను, ఇక సంతోషితో మాట్లాడండి" అన్నాను. ఫోన్‌లో ఆయన ఏడ్చాడు, అంత పెద్దమనిషి. నా బరువు దిగిపోయిందనుకున్నాను, ఇంత తేలిగ్గానా అనుకున్నాను కూడా. అప్పుడు ఆయన "ఊకెనే మాట్లాడితే ఎట్ల మేడమ్? దేవుడు ఇంత మేలు చేసినంక కూడిక పెట్టి, పిల్ల తప్పు ఒప్పుకొని సాక్ష్యం చెప్పాలె, మీరు క్షమించాలె, అప్పుడు నేను మాట్లాడాలె. మీరు రాకుంటే కాదు" అన్నాడు. రానని చెప్పడానికి కారణం వెతికాను. ఆరోగ్యం బాగుండేసరికి ఏ కారణమూ దొరకలేదు.

పాట అయిపోయింది. పాస్టర్ గారు గొంతు సవరించుకుని, సంతోషీ రామ్మా అన్నారు. పిల్ల లేచింది. పసుపురంగు కొత్త ఓణీ, నూనె పెట్టి బిగించి వేసిన జడ, వెనక పొయ్యి దగ్గరనుంచి వాళ్ళమ్మ గరిటెతోనే వచ్చి నిలబడింది. లాజరు మైకు వైరు సరిచేసే నెపంతో కూతురికి రెండడుగుల దూరంలోకి వచ్చాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కున్నాడు. ఇంకాసేపట్లో మాట్లాడబోయే మనిషిలా పెదవులు తడుపుకుంటున్నాడు. తొమ్మిది నెలలు. ఇప్పుడు లేవాలి, సంతోషి నోరు విప్పకముందే లేవాలి అనుకుంటున్నాను, అనుకుంటూ కూర్చునే ఉన్నాను.

"అందరికి వందనాలు" అంది సంతోషి. "పోయిన జులైల మా మేడమ్ రైడ్‌కొస్తే నేను పట్టిన. విజిల్ ఊదిన్రు. నేను ఇడువలే. నాకు గర్వం వచ్చింది. మేడమ్‌ను పట్టిన, అందరు సూడాలె అని ఇంకింత గట్టిగ పట్టిన." ఎక్కడా తడబడడం లేదు. బట్టీపట్టిన గొంతు కాదు, చూసింది చెప్తున్న గొంతు. "మేడమ్ కాలు నా చేతులల్లనే తిరిగింది. తిరిగినట్టు నాకు తెల్సింది. ఆ చప్పుడు నా వేళ్ళకు ఇంక యాదికున్నది." అది అబద్ధం చెప్పడం లేదు. భయపడి ఒప్పుకోవడం కూడా లేదు. అందరం కలిసి ఇన్ని నెలలు చెప్పి చెప్పి దానికి జరగనిదాన్ని గుర్తు చేశాం. ఆ పిల్ల తన చేతుల్ని తానే నమ్మడం మానేసింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. "నన్ను క్షమించున్రి మేడమ్" అని నా కుర్చీ ముందు నిలబడింది.

రెండు మాటలు చెప్పండమ్మా అని పాస్టర్ గారు మైకు ఇచ్చారు. లేచాను. "సంతోషి తప్పేం లేదు" అన్నాను. "విజిల్ ఊదగానే తను వదిలేసింది. నాకే కాలు జారింది." పాస్టర్ గారి కళ్ళు మెరిశాయి. "చూశారా! క్షమించడమంటే ఇదీ. పిల్ల తప్పు తన మీద వేసుకుంటున్నారు అమ్మగారు" అన్నారు, స్తోత్రం అని వందమందీ ఒక్కసారి అన్నారు, ఎవరో శాలువా తెచ్చి నా భుజాల మీద కప్పారు, చప్పట్లు, చప్పట్లు. లాజరు రెండు చేతులూ జోడించాడు. కూర్చోవచ్చు. చెప్పాల్సింది చెప్పేశాను, నిజమే చెప్పాను, నమ్మకపోతే నా తప్పా. ఇంటికి వెళ్ళాక కూడా ఇదే చెప్పుకుని నిద్రపోవచ్చు. ఇప్పుడు నేను దేవతను కూడా. కుర్చీ మీద చెయ్యి వేశాను. అప్పుడు చూశాను, సంతోషి కూడా చప్పట్లు కొడుతోంది. ఓణీ కిందినుంచి చేతులు తీసి, నా గొప్పతనానికి, కళ్ళనిండా నీళ్ళతో.

శాలువా తీసి కుర్చీలో పడేశాను. "ఆపండి" అన్నాను, గ్రౌండ్‌లో పిల్లల మీద అరిచే గొంతు వచ్చింది. "నేను క్షమించడం లేదు. అబద్ధం చెప్పాను, అది చెప్తున్నాను. ఈ పిల్ల నన్ను పట్టింది. పదేళ్ళలో నన్ను పట్టింది ఇదొక్కతే. నా కూత ఆగిపోయింది, నేను ఓడిపోయాను. విజిల్ ఊదారు, ఇది వదిలేసి దూరం పోయి గెంతింది. నేను లేచి నిలబడి, గీత తాకానన్నాను. తాకలేదు. తాకానని చూపించడానికి తిరిగి పడ్డాను. పిల్లల ముందు ఓడిపోయానని సిగ్గై, దీని పేరు చెప్పాను. దీని ఒళ్ళో పడుకుని చెప్పాను. కాలు బాగైంది, అయినా చెప్పలేదు. మీరు తెచ్చిన పాయ ఒక్కసారి కూడా తాగలేదు లాజరు గారూ, అది కూడా అబద్ధమే." ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టర్ గారు మైకు కోసం చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. పిచ్చమ్మ మాత్రం ఇంకా నా కుర్చీ పక్కనే కింద కూర్చుని, నా మోకాలి మీదే చెయ్యి పెట్టుకుని, అర్థం కానిది అడిగినట్టు, "అయితే పోరి గన్ని శుక్రవారాలు పస్తెందుకున్నట్టు బిడ్డా?" అంది. జవాబు చెప్పాలి, వేరే ఎవరూ చెప్పరు. "నా వల్ల అవ్వా" అన్నాను. ఆమె నా మోకాలి మీదినుంచి చెయ్యి తీసేసింది.

సంతోషి నా వైపు చూడలేదు. కోపంగా కూడా చూడలేదు. తన అరచేతుల్ని కాసేపు చూసుకుని, తండ్రి ముందుకు వెళ్ళి నిలబడింది. "నాయినా, నేను ఇడిసిన" అంది. "విజిల్ ఊదంగనె ఇడిసిన" అంది మళ్ళీ, ఇప్పుడిప్పుడే గుర్తొస్తున్నట్టు, గొంతు పెంచి. లాజరు నోరు తెరిచాడు. క్షమించానని అనడానికి పొద్దున్నుంచి సిద్ధమైన మనిషి, ఆ మాట ఇక అనడానికి లేదు, ఇంకో మాట ఆయన దగ్గర లేదు. పిల్ల ఆయన మొహంలోకే చూసింది.

"ఇప్పుడన్న మాట్లాడు నాయినా" అంది.